మొదటి ప్రపంచ యుద్ధపు పైలట్ ఆల్బమ్ చేతికొస్తే: పేజీ తిప్పడం నుంచి బీరువాలో పెట్టేదాకా

ఆల్బమ్ చిన్నదే. బట్ట అట్ట, నల్ల పేజీలు, వెన్ను దగ్గర దారం ముడి. లోపల అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఫొటోలు, వాటి కింద తెల్ల ఇంకుతో రెండు మూడు మాటలు. పొలంలో తల్లకిందులుగా పడ్డ విమానం, డేరా ముందు కుక్కపిల్లతో నలుగురు కుర్రాళ్ళు, మబ్బుల మీద రెక్కల నీడ. 1914-18 మధ్య రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో (బ్రిటిష్ సైన్యపు విమాన విభాగం) పనిచేసినవాళ్ళు ఇళ్ళకు తెచ్చుకున్న ఇలాంటి ఆల్బమ్‌లు ఇప్పుడు వేలంపాటల్లోనూ పాత సామాన్ల అంగళ్ళలోనూ తిరుగుతున్నాయి. మ్యూజియంలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టినవి ఇంకా ఎక్కువ. మన దేశంలో దొరకడమూ వింతేం కాదు. ఆ కోర్‌కు చెందిన 31వ స్క్వాడ్రన్ (విమానాల దళం) 1915 డిసెంబరులో బొంబాయిలో దిగి, తర్వాత వాయవ్య సరిహద్దులో పనిచేసింది.

ఇలాంటివి చూడగా చూడగా నాకు ఒకటి అర్థమైంది. ఆల్బమ్‌లో అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సింది ఫొటో కింద రాత. ఎక్కువ నమ్మాల్సింది, ఎవరూ చెప్పాలనుకోకుండానే ఫొటోలో పడిపోయినది: తోక మీద నంబరు, చొక్కా చేతి మీద పట్టీ, రెక్క మీది గుండ్రటి గుర్తులో ఏ భాగం నల్లగా పడింది అన్న సంగతి. కాబట్టి ఈ పద్ధతి అంతా అదే వరసలో నడుస్తుంది. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే రాత.

1. ఒక్క ఫొటో కూడా ఊడదీయకండి

వెనక ఏం రాసుందో చూడాలని చెయ్యి దురద పెడుతుంది. నేనూ మొదట్లో ఒక ఫొటో మూలను గోటితో లేపాను. మూల చిరిగింది, వెనకున్న పెన్సిల్ రాత సగం నల్ల కాగితానికే అంటుకుని ఉండిపోయింది. ఆ సగం మాట ఏమిటో ఇప్పటికీ తెలియదు.

ఊడదీస్తే పోయేది రాత ఒక్కటే కాదు. ఏ ఫొటో పక్కన ఏది ఉందన్నదీ సాక్ష్యమే. ఒకే పేజీలో ఒకే సైజు, ఒకే రంగు మసక ఉన్న ఆరు ఫొటోలు ఒకే ఫిల్మ్ రోల్‌వి అయ్యే అవకాశం ఎక్కువ. వాటిలో ఒక్కదానికి తేదీ తెలిస్తే మిగతా అయిదూ దాని వెంటే వస్తాయి. ఫొటో ఊడిపోయి జిగురు మచ్చ, కింద రాత మాత్రమే మిగిలిన ఖాళీ చోటు కూడా లెక్కలోకి వస్తుంది. దాన్నీ రాసుకోండి.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరాకే పేజీ తిప్పండి. ఫొటోని ముట్టుకోవాల్సి వస్తే నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. నూలు గ్లవ్స్‌తో పని చేస్తే పెళుసు అంచులు దారాలకు తగులుకుని విరుగుతాయి. అట్ట పూర్తిగా తెరుచుకోకపోతే బలవంతం చేయకుండా రెండు వైపులా చుట్టిన తువ్వాళ్ళు ఆసరా పెట్టండి. బల్ల మీద పెన్ను అసలు ఉండకూడదు, పెన్సిల్ చాలు. నల్లటి చోట్ల వెండి పూతలా మెరుస్తుంటే అది మురికి కాదు. ఫొటోలోని వెండి ఏళ్ళ తరబడి పైకి తేలి వచ్చిన మెరుపు. తుడవకండి.

అట్ట జేబులో నెగటివ్‌లు దొరికితే జాగ్రత్త. ఆ కాలపు రోల్ ఫిల్మ్ దాదాపు అంతా నైట్రేట్. పసుపు రంగుకు తిరిగి, జిగటగా మారి, ఘాటు వాసన వస్తుంటే అది పాడైపోతున్నట్టు. సులభంగా నిప్పంటుకునే పదార్థం కాబట్టి గాలి చొరబడని డబ్బాలో బిగించకుండా, వేడికి దూరంగా, ఆల్బమ్ నుంచి వేరుగా ఉంచండి. కొరియర్‌లో పంపే ఆలోచన వద్దు. గాజు పలకల నెగటివ్‌లైతే పడుకోబెట్టి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి.

2. ముందు పేజీ, తర్వాత ఫొటో

ఒక్కో పేజీని మొత్తంగా, రాతలతో సహా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లోనే స్కాన్ చేయండి. నలుపు-తెలుపు ఫొటోకి రంగెందుకు అంటే, కాగితపు గోధుమ ఛాయ, ఇంకు రంగు, జిగురు మరక అన్నీ తర్వాత పనికొస్తాయి. ఆ తర్వాత ఒక్కో ఫొటోని 1200 డీపీఐలో తీయండి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఆరున్నర పొడవున్న ఫొటో కూడా అప్పుడు అటూ ఇటూ సుమారు 1900, 3000 పిక్సెళ్ళు వస్తుంది, తోక మీది నంబరు చదవడానికి అది సరిపోతుంది. అసలు ఫైల్ టిఫ్‌లో ఉంచుకుని పంచుకోవడానికి జేపెగ్ చేసుకోండి.

వెన్ను బిగుసుకుపోయిన ఆల్బమ్‌ని స్కానర్ మీద బోర్లించి నొక్కొద్దు. పైనుంచి ఫోన్‌తోనో కెమెరాతోనో, రెండు వైపులా ఏటవాలుగా దీపాలు పెట్టి తీస్తే చాలు. మసక రాతలున్న పేజీకి ఇంకో ఫొటో అవసరం: గది చీకటి చేసి, ఒక్క టార్చిని పేజీకి దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేయండి. చెరిపేసిన పెన్సిల్ గాడి నీడతో సహా లేచి కనిపిస్తుంది.

ఫైళ్ళ పేర్లలో ఊహలు కలపకండి. ఆల్బమ్ నంబరు, పేజీ, పేజీలో ఎన్నో ఫొటో, అంతే. "క్యామెల్ విమానం" అని పేరు పెట్టిన ఫైల్ రేపు పప్ అనే వేరే రకం అని తేలితే ఆ పేరు మీ కంప్యూటర్‌లో చావదు.

3. సైజు కొలవండి

ఆ రోజుల్లో మామూలు ఫొటోలు నెగటివ్‌ని నేరుగా కాగితం మీద పెట్టి వేసినవే. అంటే ఫొటో సైజే నెగటివ్ సైజు, నెగటివ్ సైజును బట్టి కెమెరా. సుమారు 4×6.5 సెంటీమీటర్లు ఉంటే వెస్ట్ పాకెట్ కొడాక్‌ను అనుమానించొచ్చు. 1912లో వచ్చింది, మడిస్తే చొక్కా జేబులో పడుతుంది, యుద్ధంలో సైనికుల కెమెరాగా పేరు పడింది. ఫ్రాన్స్‌లోని బ్రిటిష్ సైన్యంలో సొంత కెమెరాలు ఉంచుకోకూడదని 1914 చివర్లోనూ మళ్ళీ 1915లోనూ ఆదేశాలు వచ్చాయి. అయినా ఇన్ని ఆల్బమ్‌లు మిగిలాయంటే ఎంత మంది ఖాతరు చేశారో ఊహించుకోవచ్చు.

అదే కెమెరాలో 1915 నుంచి ఆటోగ్రాఫిక్ రకం వచ్చింది. వెనక చిన్న తలుపు తెరిచి పుల్లలాంటి పెన్నుతో గీస్తే ఆ రాత ఫిల్మ్ మీదే, రెండు బొమ్మల మధ్య పడేది. ఫొటో వేసేటప్పుడు ఆ అంచును కత్తిరించేసేవాళ్ళు కాబట్టి నెగటివ్ దొరికితే అక్కడ చూడండి. తీసినప్పుడే రాసిన తేదీ అది, దాని విలువే వేరు.

ఒక ఆల్బమ్‌లో మూడు నాలుగు సైజులు కలిసి ఉంటే అన్నీ ఒకే మనిషి తీసినవి కాకపోవచ్చు. స్క్వాడ్రన్‌లో ఒకడి దగ్గర కెమెరా ఉంటే అందరూ కాపీలు వేయించుకునేవారు. పోస్ట్‌కార్డు సైజు ఫొటోల్లో కొన్నవీ ఉంటాయి.

4. విమానాన్ని చదవండి

ఇక్కడ తొందర పడొద్దు, ఆల్బమ్‌లో సగం తేదీలు ఇక్కడే తేలతాయి.

మొదట రంగుల తిరకాసు. ఆ కాలపు ఫిల్మ్‌కి నీలం బాగా తగిలేది, ఎరుపు దాదాపు తగిలేదే కాదు. అందుకే ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, ఎర్రది నల్లగా పడుతుంది. పేరుమోసిన జర్మన్ పైలట్ రిఖ్తోఫెన్ ఎర్ర విమానం కూడా ఇలాంటి ఫిల్మ్ మీద కారునలుపే. ఇప్పుడు రెక్క మీద గుండ్రటి గుర్తు చూడండి. బ్రిటిష్ గుర్తులో నడుమ ఎరుపు, అంచు నీలం. ఫ్రెంచ్ గుర్తులో నడుమ నీలం, అంచు ఎరుపు. కాబట్టి నడిమి చుక్క నల్లగా, అంచు లేతగా ఉంటే బ్రిటిష్ విమానం. అంచు నల్లగా, నడుమ లేతగా ఉంటే ఫ్రెంచ్. రెండు దేశాలూ న్యూపోర్ట్ విమానాలు వాడాయి గనక ఈ ఒక్క తేడాతో తేలిపోయే ఫొటోలు చాలా ఉంటాయి.

ఈ గుర్తే లేకుండా రెక్క కింద బ్రిటిష్ జెండా గీసి ఉంటే అది 1914 నాటి ఫొటో. దూరం నుంచి ఆ జెండాలోని శిలువ జర్మన్ శిలువలా కనిపించి సొంతవాళ్ళే కాల్చడంతో, 1914 డిసెంబరులో ఫ్రెంచ్ గుర్తును రంగులు తిరగేసి తీసుకున్నారు. జర్మన్ విమానాలకూ ఇలాంటి గీటురాయి ఉంది. చివర్లు వెడల్పయ్యే వంపుల శిలువ ఉంటే 1918 వసంతానికి ముందు. నిటారు గీతల శిలువ ఉంటే ఆ తర్వాత. 1918 మార్చిలో మార్చమని ఆదేశం వచ్చింది. పాత వంపుల మీదే తెల్ల రంగు పూసి సరిచేసిన విమానాలు కూడా కనిపిస్తాయి, అవి సరిగ్గా ఆ మార్పు నెలలవి.

తర్వాత విమానం రకం. అన్నీ గుర్తుపట్టక్కర్లేదు, కొన్ని ఆనవాళ్ళు చాలు. ఇంజను, పంఖా వెనకుండి ముందు తొట్టిలాంటి దాంట్లో మనిషి కూర్చుంటే, ఇద్దరుంటే ఎఫ్.ఇ.2బి, ఒక్కడే ఉంటే డి.హెచ్.2 కావచ్చు. డి.హెచ్.2 స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌కు వచ్చింది 1916 ఫిబ్రవరిలో. రెండు సీట్ల విమానంలో పైలట్ వెనక, అబ్జర్వర్ (కింద ఏముందో గమనించేవాడు) ముందు కూర్చుంటే బి.ఇ.2సి అని అనుమానించండి. పై రెక్క మీదుగా రెండు పొగగొట్టాలు పైకి పొడుచుకొచ్చి, ముక్కు మీద గాలి తీసుకునే పెద్ద డబ్బా ఉంటే ఆర్.ఇ.8. విమానపు ఒళ్ళు కింది రెక్కకు తగలకుండా మధ్యలో వేలాడుతుంటే బ్రిస్టల్ ఫైటర్, 1917 ఏప్రిల్ తర్వాతిది. మూపురంలాంటి ముక్కుతో రెండు మెషీన్ గన్లున్న పొట్టి విమానం సోప్‌విత్ క్యామెల్, యుద్ధరంగంలో 1917 వేసవి నుంచి. ఒక్క జత రెక్కల జర్మన్ ఫొక్కర్ ఐన్‌డెక్కర్ 1915 నడిమి నుంచి. మూడంతస్తుల రెక్కల ఫొక్కర్ 1917 ఆగస్టు చివరి నుంచి.

ఇవన్నీ "ఇంతకన్నా ముందు కాదు" అని చెప్పే తేదీలే. కొత్త విమానం వచ్చాక పాతది శిక్షణ బడికి పోతుంది. 1915 నాటి రకం 1918లో ఇంగ్లండ్‌లో కుర్రాళ్ళకు ఎగరడం నేర్పుతూ కనిపించొచ్చు. అందుకే ఒక్క ఫొటోకి రెండు గడులు పెట్టుకోండి: ఎప్పటికి ముందు కాదు, ఎప్పటికి తర్వాత కాదు. రెండోది ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి.

అన్నిటికన్నా బంగారంలాంటిది తోక మీదనో వెనక ఒంటి మీదనో ఉండే నంబరు. మొదట్లో ఉత్త అంకెలు. 1916లో అవి 10000 దాకా వెళ్ళాక ముందు ఒక అక్షరం చేర్చి ఎ1 నుంచి మొదలుపెట్టారు, తర్వాత బి, సి, డి అలా. నౌకాదళపు విమానాలకు ఎన్ అక్షరం. నంబరు పూర్తిగా చదవగలిగితే ఆ విమానం ఏ స్క్వాడ్రన్‌లో ఉంది, ఏ రోజు పడిపోయింది అన్నవి చాలాసార్లు తెలుస్తాయి. పూర్తిగా పడకపోయినా "సి తర్వాత 6, చివర 3" అన్నంత వరకు రాసుకోండి, అది కూడా వల బిగిస్తుంది. ఒంటి మీద తెల్ల పట్టీలు, వృత్తాలు ఉంటే అవి స్క్వాడ్రన్ గుర్తులు. అయితే 1918 మార్చిలో చాలా స్క్వాడ్రన్లవి మార్చేశారు, కాబట్టి తేదీ తేలకుండా గుర్తును బట్టి స్క్వాడ్రన్ పేరు చెప్పేయకండి.

5. ఒక ఫొటోతో లెక్క చేసి చూద్దాం: నిజాం విమానం

హైదరాబాద్ వాళ్ళకు ఆసక్తిగా ఉండే ఉదాహరణ ఇది. పేజీలో పెద్ద రెండు సీట్ల బాంబర్ ఉందనుకోండి. ముక్కు ముందు నలుచదరపు రేడియేటర్, పైలట్ వెనకే దగ్గరగా అబ్జర్వర్. పైలట్‌కీ అబ్జర్వర్‌కీ మధ్య బాగా దూరం ఉంటే డి.హెచ్.4 అయ్యేది. దగ్గరగా ఉండి, ముక్కు చదరంగా ఉంది కాబట్టి డి.హెచ్.9ఎ. నంబరు ఎఫ్ అక్షరంతో ఉంది, అంటే 1918. పక్కన అక్షరాలు: ఇది హైదరాబాద్ నిజాం బహూకరించినదని, ఒక వరస సంఖ్య.

ఇంత దొరికితే పని సగం అయినట్టే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో సమకూరిన విమానాలు 110వ స్క్వాడ్రన్‌వి. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే ఉండిపోయింది. అది ఫ్రాన్స్‌లోని బెటన్‌కూర్‌కు చేరింది 1918 సెప్టెంబరు మొదట్లో, యుద్ధం ఆగింది నవంబరు 11న. యుద్ధరంగంలో తీసిన ఫొటో అయితే పది వారాల కిటికీలో పడిపోయింది. ఇంకో సంగతి: అప్పటికి రాయల్ ఫ్లయింగ్ కోర్ అన్న పేరే లేదు. 1918 ఏప్రిల్ 1న అదీ నౌకాదళపు విమాన విభాగమూ కలిసి రాయల్ ఎయిర్ ఫోర్స్ అయ్యాయి. కింద రాతలో పాత పేరు ఉంటే ఆ రాతను ఇంకాస్త అనుమానించండి.

అదే విమానం చుట్టూ జర్మన్ సైనికులు నిలబడి ఉంటే కంగారు పడొద్దు. ఈ వరసలోని ఎఫ్1010, హైదరాబాద్ 12ఎ, 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉండి, రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో ఇంగ్లండ్‌కు తిరిగొచ్చి, ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ఒక చిన్న హెచ్చరిక: ఇలా బహూకరించిన విమానాల్లో ఒకటి పోతే దాని పేరును ఇంకో విమానానికి పెట్టే అలవాటు ఉండేది. పేరును బట్టి విమానం ఇదే అని తేల్చకండి, నంబరే ప్రమాణం.

6. మనుషుల బట్టలు

మొహాలు చూసి పేర్లు చెప్పే పని చివరికి వాయిదా వేయండి. ముందు గుండె మీద ఏముందో చూడండి. రెండు రెక్కలుంటే పైలట్, ఇంగ్లిష్ "ఓ" అక్షరానికి ఒకే రెక్క ఉంటే అబ్జర్వర్. ఆ ఒంటి రెక్క 1915లో వచ్చింది. బొత్తాలు కనిపించకుండా పక్కకు మూసే బిగుతు కోటు ఫ్లయింగ్ కోర్‌ది. అయితే సైన్యం నుంచి వచ్చిన చాలామంది తమ పాత రెజిమెంట్ బట్టల మీదే రెక్కలు కుట్టించుకుని తిరిగారు. అది కూడా మేలే, కాలర్ బ్యాడ్జిని బట్టి మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలుస్తుంది.

చేతి కింది భాగంలో నిలువు పట్టీ ఉంటే గాయపడినట్టు, ఆ పట్టీ 1916 జులైలో మొదలైంది. చేతి అంచు చుట్టూ అడ్డ పట్టీలతో హోదా చూపిస్తే 1918 ఏప్రిల్ తర్వాతి రాయల్ ఎయిర్ ఫోర్స్ యూనిఫాం. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం 1918 జూన్‌లో వచ్చింది. దాని రిబ్బన్‌లో గీతలు మొదట అడ్డంగా ఉండేవి, 1919 జులై నుంచి ఏటవాలుగా మారాయి. స్టూడియోలో దిగిన ఫొటోలో ఏటవాలు గీతలు కనిపిస్తే, కింద "1918, ఫ్రాన్స్" అని ఎంత అందంగా రాసి ఉన్నా అది యుద్ధం అయిపోయాక దిగిన ఫొటోనే.

భారతీయ పైలట్ మొహం కనిపిస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఆ యుద్ధంలో బ్రిటిష్ విమానదళంలో ఎగిరిన భారతీయుల్లో నలుగురి పేర్లు బాగా తెలుసు, వాళ్ళు వాడిన విమానాలూ తెలుసు. హర్దిత్ సింగ్ మాలిక్ 28వ స్క్వాడ్రన్‌లో క్యామెల్ నడిపారు, తలపాగా మీద పట్టేలా ప్రత్యేకంగా హెల్మెట్ చేయించుకున్నారు. ఎరల్ చందర్ సేన్ 70వ స్క్వాడ్రన్, అదీ క్యామెలే, 1917 సెప్టెంబరులో జర్మన్లకు పట్టుబడ్డారు. శ్రీకృష్ణ వెలింకర్ 23వ స్క్వాడ్రన్‌లో డాల్ఫిన్ విమానం మీద ఎగిరి 1918 జూన్‌లో చనిపోయారు. కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్ 40వ స్క్వాడ్రన్‌లో ఎస్.ఇ.5ఎ మీద రెండు వారాల లోపే పది విజయాలు సాధించి, 1918 జులై 22న, ఇరవై ఏళ్ళయినా నిండకుండానే నేలకూలారు. మీ ఫొటోలో పక్కనున్న విమానం, స్క్వాడ్రన్ గుర్తు వీటికి సరిపోకపోతే ఆ మనిషి వేరే. మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) పేజీల్లో కనిపించే భారతీయుల్లో ఎక్కువ మంది సైనికులో, విమాన శిబిరాల్లో పనిచేసినవాళ్ళో.

మెసొపొటేమియా మాట వచ్చింది కాబట్టి: ఖర్జూరపు చెట్లు, నది పడవలు ఉన్న పేజీలకు 30వ స్క్వాడ్రన్‌ను ముందు చూడండి. ముట్టడిలో ఉన్న కూత్ పట్టణం మీద 1916 ఏప్రిల్‌లో తిండి బస్తాలు జారవిడిచినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. ఏప్రిల్ 29న కూత్ లొంగిపోయింది. బాగ్దాద్ వీధుల్లో బ్రిటిష్ అధికారి స్వేచ్ఛగా తిరుగుతుంటే అది 1917 మార్చి 11కి ముందు ఫొటో కాదు. అంతకు ముందు ఆ ఊళ్ళో ఉన్న బ్రిటిష్ అధికారి ఖైదీయే.

7. పైనుంచి తీసిన ఫొటోలు

ఆల్బమ్ మధ్యలో చీమల పుట్ట లోపలిలాంటి గీతల ఫొటోలు కనిపిస్తే అవి కందకాలు. విమానానికి తగిలించిన కెమెరాతో గాజు పలకల మీద తీసిన ప్రభుత్వపు ఫొటోలు, కాపీ ఒకటి జేబులో వేసుకొచ్చాడన్నమాట. 1915 మార్చిలో ఫ్రాన్స్‌లోని న్యూవ్ షాపెల్ దాడికి ముందే జర్మన్ కందకాలను ఇలా తీసి పటాల మీదకు ఎక్కించారు.

వీటి అంచున గీసిన అంకెలే అసలు నిధి. స్క్వాడ్రన్ నంబరు, పలక నంబరు, పటం షీటు, గడి, తేదీ, వేళ ఇలాంటివి ఉంటాయి. ఉదాహరణకు 28 అన్న షీటులో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం, 51బి షీటులో ఫ్రాన్స్‌లోని ఆరాస్ ప్రాంతం ఉన్నాయి. షీటుని అక్షరాల గడులుగా, వాటిని వెయ్యి గజాల నంబరు గడులుగా, వాటిని మళ్ళీ ఎ, బి, సి, డి అని నాలుగు ముక్కలుగా విడగొట్టారు. స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఈ కందకాల పటాలను ఇప్పటి పటం మీద పరిచి ఉచితంగా చూపిస్తారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే దీపాలు పెట్టే వేళయ్యేదాకా లేవను.

ఒక చిట్కా. ఇలాంటి ఫొటోని నీడలు మీ వైపు పడేలా తిప్పి పట్టుకోండి. నీడ అవతలి వైపు పడేలా పట్టుకుంటే కళ్ళు మోసపోయి గుంటలు గుట్టల్లా, కందకాలు గట్లలా కనిపిస్తాయి.

8. ఇప్పుడు రాత చదవండి

ఇంతదాకా చేశాక కింద మాటలు చదివితే అబద్ధం ఏదో, పొరపాటు ఏదో తెలుస్తుంది. చాలా ఆల్బమ్‌లు యుద్ధం అయ్యాక ఇంట్లో కూర్చుని అంటించినవి. తెల్ల ఇంకు ఒకే చేతిరాతలో, ఒకే కలంతో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సాగితే అది జ్ఞాపకం మీద రాసిందే. రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు సొంత హోదా పేర్లు 1919 ఆగస్టులో వచ్చాయి. 1917 ఫొటో కింద "స్క్వాడ్రన్ లీడర్" అని ఉంటే ఆ రాత ఎప్పటిదో దానికదే చెప్పేసింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ అని ఉంటే మాత్రం ఆగండి, ఆ హోదా నౌకాదళ విభాగంలో ముందు నుంచీ ఉంది.

మాటల్లో వాళ్ళ యాస తెలియాలి. "నా బస్సు" అంటే విమానమే. "ఆర్చీ" అంటే నేల మీది నుంచి విమానాలపై కాల్చే ఫిరంగి. "క్విర్క్" బి.ఇ.2సి, "హారీ టేట్" ఆర్.ఇ.8, "రంప్టీ" శిక్షణ బళ్ళలోని మారిస్ ఫార్మన్. "డడ్" అంటే ఎగరడానికి వీల్లేని వాతావరణం, పేకాట ఫొటోలన్నీ ఆ రోజువే. "వెస్ట్‌కు వెళ్ళాడు" అంటే చనిపోయాడని, పడమటి దేశానికి బదిలీ అని కాదు. "హన్" అంటే జర్మన్, కానీ శిక్షణ బడి పేజీలో అయితే కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడు. బడిలో విమానాలు విరగ్గొట్టేది వాళ్ళే కదా మరి. "బ్లైటీ" అంటే ఇంగ్లండ్, మన విలాయతీ మాటే సిపాయిల నోళ్ళలో నలిగి అలా తయారైంది.

9. కొన్నవి, కట్టినవి

గాల్లో రెండు విమానాలు ఢీకొంటున్న క్షణం, మంటల్లోంచి దూకుతున్న మనిషి స్పష్టంగా పడిన ఫొటో ఉంటే చప్పట్లు కొట్టే ముందు ఆగండి. 1930ల్లో కాక్‌బర్న్-లాంజ్ సేకరణ పేరుతో ఇలాంటివి పెద్ద సంచలనం. ఫ్లయింగ్ కోర్‌లో పనిచేసిన వెస్లీ ఆర్చర్ అనే అమెరికన్ బొమ్మ విమానాలు వేలాడదీసి తీసిన ఫొటోలని 1984లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ళు బయటపెట్టారు. ఊగే విమానంలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా, చేతి కెమెరాతో తీస్తే అసలు ఫొటోలో శత్రువు విమానం ఆవగింజంత చుక్కే. మీ ఆల్బమ్‌లో మబ్బుల్లో చుక్క పడిన ఫొటో ఉంటే దానికే విలువ ఇవ్వండి.

కూలిన విమానం పక్కన శవాలున్న ఫొటోలూ ఉండొచ్చు. స్కాన్ చేయండి, దాచండి, కానీ నెట్‌లో పెట్టాలా వద్దా అన్నది పెట్టకముందే తేల్చుకోండి. నేనైతే పెట్టను.

10. రికార్డుల్లో వెతకడం

యజమాని పేరు మొదటి పేజీలో ఉంటే అదృష్టం. లేకపోతే స్క్వాడ్రన్, నెలలు తేలాక వెతకాలి. లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ అధికారుల రికార్డులు ఎయిర్ 76 వరసలో, స్క్వాడ్రన్ కాగితాలు ఎయిర్ 1లో, నౌకాదళపు విమాన అధికారులవి ఎడిఎం 273లో ఉన్నాయి. రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఫ్లయింగ్ కోర్ అధికారుల క్యాజువాల్టీ ఫారాలను నెట్‌లో పెట్టింది. పేరు చూసి గాయపడినవాళ్ళవే అనుకోవద్దు. బదిలీ, సెలవు, ఆసుపత్రి అన్నీ ఆ ఫారంలోనే రాసేవారు. రాయల్ ఏరో క్లబ్ పైలట్ సర్టిఫికెట్ల కార్డులకు ఫొటోలు కూడా ఉన్నాయి, మొహం పోల్చడానికి అంతకన్నా మంచిది లేదు. చనిపోయినవాళ్ళకు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, పతకాలకు లండన్ గెజిట్ (బ్రిటిష్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక).

ప్రతి ఫొటోకి మూడు వేర్వేరు గడుల్లో రాయండి: ఫొటోలో కనిపించింది, కింద రాసి ఉన్నది, మీరు తేల్చింది. మూడోదాని పక్కన ఎందుకు అలా తేల్చారో ఒక్క ముక్క. ఈ మూడూ కలిసిపోతే ఏడాది తర్వాత మీ నోట్స్ మీకే అర్థం కాదు.

11. మన వాతావరణంలో దాచడం

చలిదేశాల పుస్తకాలు చెప్పే జాగ్రత్తలు కాకినాడలో సగమే పనికొస్తాయి. మనకు శత్రువులు ఉక్కపోత, బూజు, చెదలు, కాగితం తినే వెండి పురుగులు. తేమ 50 శాతం లోపు ఉంచగలిగితే మంచిది. దానికి పాతిక వేల యంత్రం అక్కర్లేదు, ఒక చిన్న తేమ మీటరు, సిలికా జెల్ సంచులు చాలు. గింజలు రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ పెట్టండి. చెక్క అల్మారా కన్నా రంగు వేసిన ఇనుప బీరువా మేలు. అందులోనూ కింది అరలో వద్దు, వర్షానికి తడిసే బయటి గోడకు ఆనించొద్దు.

కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి ఫొటోలకు మంచిది కాదు. తాటాకు గ్రంథాల అలవాటుతో వేపాకు పేజీల మధ్య పెడితే పచ్చి మరక పడుతుంది. లామినేషన్, సెల్లో టేపు, జిగురు పేజీల కొత్త ఆల్బమ్, మూడూ వద్దు. పేజీల మధ్య ఆమ్లం లేని పలుచటి కాగితం వేయొచ్చు, అయితే అట్ట మూసుకోనంత మందం కాకూడదు. బూజు కనిపిస్తే మిగతా పుస్తకాల నుంచి వెంటనే వేరు చేసి, నీడలో గాలికి పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులపాలి, ముక్కుకు మాస్కుతో. తడిగా ఉండగా తుడిస్తే బూజు లోపలికి ఇంకుతుంది. పేజీలు అంటుకుపోయి ఉంటే మాత్రం మీరు ముట్టుకోకుండా కాగితపు సంరక్షణ తెలిసినవాళ్ళకు చూపించండి. హైదరాబాద్ వాళ్ళయితే సాలార్‌జంగ్ మ్యూజియం సంరక్షణ విభాగంలో ఎవరి దగ్గరికి వెళ్ళాలో అడిగి చూడొచ్చు.

ఆల్బమ్‌కు సరిపడే అట్టపెట్టె చేయించి, పడుకోబెట్టే ఉంచండి. మీరు రాసుకున్న వివరాలు ప్రింట్ తీసి అదే పెట్టెలో, ఆల్బమ్‌కు తగలకుండా వేరే కవరులో పెట్టండి. స్కాన్‌ల హార్డ్ డిస్క్ ఎక్కడుందో మూత లోపలి వైపు పెన్సిల్‌తో రాయండి. ఫోన్ నంబరు కాదు, ఏ గదిలో ఏ అరలో అన్నది. నంబర్లు మారిపోతాయి.